ఇంటికి లిఫ్ట్ పెట్టిస్తున్నారా? హైడ్రాలిక్ ఎవరికి సరిపోతుంది, ట్రాక్షన్ ఎవరికి సరిపోతుంది

ముందు నా సలహా చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఇల్లు ఇప్పటికే కట్టేసి ఉంది, రెండు మూడు అంతస్తులే, ఎక్కి దిగేది ఇంట్లో వాళ్లే, పైన స్లాబ్ పగలగొట్టి ఎత్తు పెంచడానికి గానీ కింద లోతుగా గుంత తవ్వడానికి గానీ వీల్లేదు అంటే హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో లేచేది) పెట్టించుకోండి. ఇల్లు ఇంకా ప్లాన్ దశలోనే ఉంది, నాలుగైదు అంతస్తులు వేస్తున్నారు, కొన్ని పోర్షన్లు అద్దెకిస్తారు అంటే గేర్‌లెస్ ట్రాక్షన్ (మోటారు తాళ్లతో లాగేది) తీసుకోండి. అపార్ట్‌మెంట్ అయితే ఆలోచించే పనే లేదు, ట్రాక్షనే. మధ్యలో ఉన్నవాళ్లకి, అంటే జీ ప్లస్ 2 కొత్తగా కడుతూ రెండూ వీలయ్యేవాళ్లకి మాత్రం కాస్త లెక్క వేసుకోవాల్సి వస్తుంది. ఈ వ్యాసం ఎక్కువగా వాళ్ల కోసమే.

చాలా ఇళ్లలో నిర్ణయం ఎలా జరుగుతుందో తెలుసు కదా. అమ్మానాన్నలకి మోకాళ్ల నొప్పులు మొదలవుతాయి, డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్న కొడుకో కూతురో నాలుగు కొటేషన్లు వాట్సాప్‌లో తెప్పించుకుంటారు, క్యాబిన్ ఫొటోలు బాగున్నదాన్ని ఓకే చేస్తారు. క్యాబిన్ అద్దాలు, లైట్లు, చెక్క పనితనం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కానీ గుంత లోతు, పై ఎత్తు, గోడ బలం, మెషిన్ పెట్టే చోటు ఒకసారి తప్పితే ఆ తప్పుతో ఇరవై ఏళ్లు గడపాలి. అందుకని ముందు లోపల ఏం జరుగుతుందో అర్థం చేసుకుందాం.

హైడ్రాలిక్ లోపల జరిగేది

లిఫ్ట్ పక్కనో మెట్ల కిందో ఒక ఇనుప ట్యాంక్ ఉంటుంది. దాన్ని పవర్ ప్యాక్ అంటారు. అందులో ఆయిల్, ఆ ఆయిల్‌లోనే మునిగి ఒక మోటారు, ఒక స్క్రూ పంప్. ట్యాంక్ పైన వాల్వ్ బ్లాక్. అక్కడి నుంచి ఒక గట్టి పైపు లిఫ్ట్ షాఫ్ట్‌లోకి వెళ్లి, గోడ వారగా నిలబెట్టిన సిలిండర్ అడుగుకి కలుస్తుంది. సిలిండర్‌లో నున్నగా మెరిసే ఉక్కు కడ్డీ, అదే పిస్టన్. పొలాల్లో ట్రాక్టర్ ట్రక్కు వెనకభాగాన్ని పైకి లేపి ఇసుక దింపే జాకీని చూసే ఉంటారు, ఇక్కడ పని చేసే సూత్రం అక్షరాలా అదే.

మీరు 2 నొక్కారు. మోటారు తిరగడం మొదలవుతుంది, కానీ లిఫ్ట్ వెంటనే కదలదు. మొదటి క్షణం ఆయిల్ అంతా బైపాస్ వాల్వ్ గుండా మళ్లీ ట్యాంక్‌లోకే పోతూ ఉంటుంది. ఆ బైపాస్ మెల్లగా మూసుకునే కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, చెక్ వాల్వ్ (ఆయిల్‌ని ఒకవైపే పోనిచ్చేది) తెరుచుకుంటుంది, ఆయిల్ సిలిండర్‌లోకి దూరి పిస్టన్‌ని పైకి నెడుతుంది. అందుకే మంచి హైడ్రాలిక్ లిఫ్ట్ బయలుదేరేటప్పుడు కుదుపు తెలియదు. రెండో అంతస్తు దగ్గర పడగానే సెన్సార్ చెబుతుంది, వాల్వ్ ఆయిల్ ప్రవాహాన్ని తగ్గిస్తుంది, లిఫ్ట్ నెమ్మదించి ఆగుతుంది, మోటారు ఆగిపోతుంది, చెక్ వాల్వ్ టక్కున మూసుకుంటుంది. ఇప్పుడు క్యాబిన్ బరువంతా సిలిండర్‌లో చిక్కుకున్న ఆయిల్ మీదే నిలబడి ఉంది.

దిగేటప్పుడు మోటారు తిరగదు. ఒక చిన్న కాయిల్‌కి కరెంట్ అంది కిందికి దింపే వాల్వ్ తెరుచుకుంటుంది, క్యాబిన్ తన బరువుతో తానే దిగుతుంది, ఆయిల్ తిరిగి ట్యాంక్‌లోకి చేరుతుంది. ఎంత వేగంగా దిగాలో వాల్వ్ సెట్టింగ్ చూసుకుంటుంది.

ఇదేమీ కొత్త సంగతి కాదు. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట ఒత్తిడి పెంచితే అది అన్ని వైపులా సమానంగా పాకుతుందని పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. ఇంగ్లండ్‌లో జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్‌కి పేటెంట్ తీసుకున్నాడు. 1867లో పారిస్ ఎగ్జిబిషన్‌లో లియోన్ ఎదూ నీటి ఒత్తిడితో నడిచే లిఫ్ట్‌ని జనానికి చూపించాడు. ఈఫిల్ టవర్ కాళ్లలో నడిచే లిఫ్టులు కూడా హైడ్రాలిక్ వంశానివే.

ఇప్పుడు చిన్న లెక్క. క్యాబిన్, దాని ఫ్రేమ్ కలిపి 400 కిలోలు, మనుషులు 300 కిలోలు అనుకుందాం, మొత్తం 700. పిస్టన్ వ్యాసం 80 మిల్లీమీటర్లు అయితే దాని వైశాల్యం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. 700ని 50తో భాగిస్తే చదరపు సెంటీమీటర్‌కి 14 కిలోల ఒత్తిడి. అంతే. నలుగురు మనుషుల్ని లేపడానికి భయపడేంత ఒత్తిడేమీ అక్కర్లేదు.

అయితే ఇళ్లలో ఎక్కువగా వాడే పద్ధతిలో పిస్టన్ నేరుగా క్యాబిన్‌ని మోయదు. పిస్టన్ తలపైన ఒక పుల్లీ, దాని మీదుగా ఉక్కు తాళ్లు లేదా చెయిన్. ఒక కొస కింద బిగించి ఉంటుంది, రెండో కొస క్యాబిన్‌కి. పిస్టన్ ఒక మీటర్ లేస్తే క్యాబిన్ రెండు మీటర్లు లేస్తుంది. ఆరు మీటర్లు ఎక్కాలంటే మూడు మీటర్ల పిస్టన్ చాలు, షాఫ్ట్‌లో ఇట్టే ఇమిడిపోతుంది. దానికి బదులుగా పిస్టన్ మీద బరువు రెట్టింపై ఒత్తిడి 28 కిలోలకి చేరుతుంది. ఆరు మీటర్లు ఎక్కడానికి సిలిండర్‌లోకి వెళ్లే ఆయిల్ సుమారు 15 లీటర్లు.

ఇది ఎందుకు చెప్పానంటే, "మాది హైడ్రాలిక్ సార్, తాళ్లు ఉండవు, తెగే టెన్షనే లేదు" అని అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. పై పద్ధతిలో తాళ్లు ఉంటాయి, వాటినీ తనిఖీ చేయాలి, కాలం తీరాక మార్చాలి. మీకు ఇచ్చేది నేరుగా మోసేదా, తాళ్లతో మోసేదా అని కొటేషన్‌లోనే రాయించుకోండి. ఈ ఒక్క ప్రశ్నతో అవతలివాళ్లకి లిఫ్ట్ తెలుసో, కేవలం అమ్మడం తెలుసో బయటపడుతుంది.

ట్రాక్షన్ ఎందుకు తక్కువ కరెంట్‌తో నడుస్తుంది

ట్రాక్షన్ లిఫ్ట్‌లో పైన ఒక మోటారు, దాని గాడి చక్రం మీదుగా తాళ్లు లేదా బెల్టులు, ఒకవైపు క్యాబిన్, రెండోవైపు కౌంటర్ వెయిట్, అంటే తూకానికి వేలాడదీసిన బరువు. ఆ కౌంటర్ వెయిట్‌లోనే కిటుకంతా ఉంది. క్యాబిన్ బరువు 400కి తోడు మనుషుల బరువులో సగం, 150, కలిపి 550 కిలోలు అవతల వేలాడుతూ ఉంటుంది. నలుగురూ ఎక్కితే ఇటు 700, అటు 550. మోటారు లేపాల్సింది 150 కిలోల తేడానే. సెకనుకి 0.3 మీటర్ల వేగంతో 700 కిలోల్ని లేపాలంటే సుమారు 2 కిలోవాట్ల శక్తి కావాలి, 150 కిలోలకైతే అర కిలోవాట్ కూడా అక్కర్లేదు. నష్టాలన్నీ కలుపుకుంటే రెండూ పెరుగుతాయి గానీ తేడా మాత్రం పెద్దదిగానే ఉంటుంది.

గేర్‌లెస్ అంటే మోటారుకీ చక్రానికీ మధ్య గేర్ పెట్టె లేదని అర్థం, కాబట్టి మెషిన్ మొత్తం తక్కువ చోటులో ఇముడుతుంది. కోనే కంపెనీ 1996లో మెషిన్ రూమ్ అక్కర్లేని లిఫ్ట్‌ని తెచ్చాక ఆ మోటారు షాఫ్ట్‌లోనే పైభాగాన సర్దుకోవడం మామూలైపోయింది. మనవాళ్లు ఎమ్‌ఆర్‌ఎల్ అనేది దాన్నే.

ఇక్కడే చాలామంది హైడ్రాలిక్‌ని కొట్టిపారేస్తారు, "కరెంట్ తాగేస్తుంది" అని. ఇంటి లెక్కలో ఇది అంత పెద్ద విషయమే కాదు, చూడండి. 3.7 కిలోవాట్ల మోటారు, ఆరు మీటర్లు ఎక్కడానికి 20 సెకన్లు. ఒకసారి ఎక్కితే 0.02 యూనిట్ల చిల్లర. రోజుకి ఇరవైసార్లు ఎక్కినా నెలకి 12 యూనిట్లు. దిగడానికి మోటారు ఖర్చే లేదు. మరోవైపు ఏ లిఫ్టయినా సరే, ఎవరూ ఎక్కకపోయినా కంట్రోలర్, డిస్‌ప్లే, ఆర్పని క్యాబిన్ లైటు, ఫ్యాను కలిసి 50 వాట్లు లాగుతుంటే నెలకి 36 యూనిట్లు. అంటే ఇంట్లో బిల్లు పెంచేది ఊరికే నిలబడి ఉన్న లిఫ్టే. కాబట్టి ఇంటివాళ్లు అడగాల్సింది, కాసేపు వాడకపోతే లైటు, ఫ్యాను వాటంతటవే ఆగుతాయా లేదా అని.

అపార్ట్‌మెంట్‌లో కథ వేరు. అక్కడ రోజుకి వందల ట్రిప్పులు, పైగా ఎత్తు ఎక్కువ. బిల్లు ఒక్కటే కాదు, అసలు సమస్య వేడి.

వేడి సంగతి

దీని గురించి అమ్మేవాళ్లెవరూ మాట్లాడరు, మన ఎండల్లో మాట్లాడి తీరాలి. హైడ్రాలిక్‌లో క్యాబిన్‌ని లేపడానికి పెట్టిన శక్తి దిగేటప్పుడు ఎక్కడికీ తిరిగి రాదు. వాల్వ్ సందులోంచి ఆయిల్ ఒరుసుకుంటూ దిగుతుంది కదా, అక్కడ ఆ శక్తంతా వేడిగా మారి ఆయిల్‌లోనే చేరుతుంది. మోటారు కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంది, దాని వేడీ అందులోకే. ట్యాంక్‌లో వంద లీటర్ల ఆయిల్ ఉంటే, బయటికి పోయే వేడిని పక్కన పెడితే, ఒక్కసారి ఎక్కి దిగేసరికి దాదాపు అర డిగ్రీ పెరుగుతుంది.

మామూలు రోజుల్లో ఇది లెక్కలోకి రాదు. గంటకి ఒకటో రెండో ట్రిప్పులు, మధ్యలో చల్లారుతుంది. కానీ ఇంట్లో గృహప్రవేశమో పెళ్లో పెట్టుకున్నారు, మే నెల, విజయవాడలోనో రామగుండంలోనో బయట 42 డిగ్రీలు, భోజనాలు డాబా మీద, గంటలో నలభై ట్రిప్పులు. ఆయిల్ 60 డిగ్రీల దగ్గరికి వెళ్తుంది. వేడెక్కిన ఆయిల్ పల్చబడుతుంది, పంప్‌లో సందుల గుండా ఎక్కువ జారుతుంది, లిఫ్ట్ నెమ్మదిస్తుంది, అంతస్తు దగ్గర సరిగ్గా ఆగక అంగుళం పైకో కిందికో ఆగుతుంది. ఇంకా పెరిగితే థర్మోస్టాట్ మోటారుని ఆపేస్తుంది. లిఫ్ట్ పాడవలేదు, తనని తాను కాపాడుకుంటోంది. కానీ ఆ రోజు క్యాబిన్ కింద ఉండిపోతే, పైన ఉన్న అమ్మమ్మని కిందికి తేవాలన్నా చల్లారేదాకా ఆగాల్సి రావచ్చు.

అందుకని పవర్ ప్యాక్ ఎక్కడ పెడుతున్నారో మీరే నిలబడి చూసుకోండి. మెట్ల కింద గాలి ఆడే చోటు మంచిది. పడమటి ఎండ తగిలే గోడ వారగా, ఊపిరాడని అల్మారాలో, డాబా మీద రేకుల గదిలో పెట్టనివ్వొద్దు. పైగా మోటారు తిరిగేటప్పుడు వచ్చే హమ్మనే శబ్దం గోడ గుండా పాకుతుంది, కాబట్టి పడకగది గోడకి ఆనించొద్దు, కింద రబ్బరు ప్యాడ్లు వేయించండి.

వేడికి తోడుగా చల్లారడం కూడా చిన్న చిక్కు తెస్తుంది. మూడు మీటర్ల ఆయిల్ నిలువు పది డిగ్రీలు చల్లబడితే సుమారు రెండు సెంటీమీటర్లు కుదించుకుపోతుంది. తాళ్ల పద్ధతిలో క్యాబిన్ కదలిక రెట్టింపు కాబట్టి నాలుగు సెంటీమీటర్లు దిగిపోతుంది. రాత్రి పై అంతస్తులో వదిలేసిన లిఫ్ట్ తెల్లారేసరికి గడప కంటే కిందికి ఉంటే, చూపు మందగించిన పెద్దవాళ్లు కాలు తట్టుకుని పడిపోతారు. మంచి కంట్రోలర్ దీన్ని రెండు రకాలుగా చూసుకుంటుంది. కిందికి జారగానే పంప్‌ని కాసేపు తిప్పి మళ్లీ లెవెల్‌కి తెస్తుంది, లేదా పావుగంట ఎవరూ పిలవకపోతే తనంతట తానే కింది అంతస్తుకి వెళ్లి కూర్చుంటుంది. ఈ రెండూ ఉన్నాయో లేదో అడగండి.

పైన ఎంత, కింద ఎంత, గోడ ఏమిటి

నా లెక్కలో చాలా ఇళ్లకి ఇక్కడే తేలిపోతుంది. మన ఇళ్లలో అంతస్తు ఎత్తు పది అడుగులు, అంటే సుమారు మూడు మీటర్లు. హైడ్రాలిక్ హోమ్ లిఫ్టులు చాలావరకు ఆ స్లాబ్ కిందే సర్దుకుంటాయి. ట్రాక్షన్‌కి పై అంతస్తు నేల నుంచి పైకి దాదాపు నాలుగు మీటర్లు కావాలి, అంటే డాబా మీద లిఫ్ట్ కోసం వేరే గది లేపాలి. గుంత కూడా అంతే. హైడ్రాలిక్‌లో కొన్ని మోడళ్లకి జానెడు లోతు చాలు, ట్రాక్షన్‌కి మీటర్ నుంచి మీటరున్నర. ఈ కొలతలు కంపెనీని బట్టి మారతాయి, కాబట్టి కొటేషన్‌తో పాటు మీ ఇంటికి గీసిన డ్రాయింగ్ అడిగి తీసుకోకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

కోనసీమలోనో భీమవరం వైపో మీటరున్నర గుంత తవ్వితే చాలా చోట్ల నీళ్లు ఊరతాయి. వాటర్‌ప్రూఫింగ్ ఎంత బాగా చేసినా వర్షాకాలం గుంతలో చెమ్మ తప్పదు, అడుగున ఉన్న స్విచ్‌లు, స్ప్రింగులు తుప్పు పడతాయి. అలాంటి ఊళ్లలో తక్కువ లోతు గుంతతో సరిపోవడం హైడ్రాలిక్‌కి పెద్ద ప్లస్. కానీ అదే నీళ్ల విషయంలో దానికి పెద్ద మైనస్ కూడా ఉంది. పవర్ ప్యాక్, కంట్రోలర్ ఉండేది కిందే. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్ల కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి చోట పవర్ ప్యాక్ నేల మీద ఉంటే ఆయిల్‌లో నీళ్లు చేరతాయి, కంట్రోలర్ బోర్డు పనికిరాదు. ట్రాక్షన్‌లో మోటారు పైన ఉంటుంది కాబట్టి గుంత సామాన్లు మాత్రమే పోతాయి. నీళ్లు ఎక్కే వీధి అయితే పవర్ ప్యాక్‌ని మొదటి అంతస్తులో పెట్టమని అడగండి. పైపు పొడవు పెరుగుతుంది గానీ అది చేయగలిగిన పనే.

ఇక గోడ. హైడ్రాలిక్‌లో బరువు నిలువుగా గుంత అడుగుకి దిగుతుంది, పై స్లాబ్ మీద పెద్దగా పడదు, పాత ఇంటికి అదే మేలు. అయితే ఇళ్లలో క్యాబిన్‌ని ఎక్కువగా ఒక్క వైపు నుంచే పట్టుకుంటారు, గైడ్ రైళ్లు (క్యాబిన్ జారే ఇనుప పట్టాలు), సిలిండర్ అన్నీ ఒకే గోడకి ఉంటాయి. అప్పుడు క్యాబిన్ ముందుకి వంగాలని చూస్తుంది, ఆ లాగుడంతా రైళ్ల బ్రాకెట్ల మీద, బ్రాకెట్ల నుంచి గోడ మీద పడుతుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలో యాంకర్ బోల్టులు కొట్టి బిగిస్తే కొన్నాళ్లకి వదులవుతాయి. ఆ గోడకి కాంక్రీట్ బ్యాండ్లు వేయించాలి, లేదా ఇనుప చట్రం నిలబెట్టాలి. స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి ఇచ్చే ఫీజు ఇక్కడ దండగ కాదు.

చోటు కూడా చూసుకోండి. ఒకే సైజు షాఫ్ట్‌లో ట్రాక్షన్‌కి కౌంటర్ వెయిట్ కోసం కొంత పోతుంది, హైడ్రాలిక్‌కి సిలిండర్ మందమే. ఐదడుగుల షాఫ్ట్‌లో ఆ తేడా వల్లే చక్రాల కుర్చీ పడుతుందో లేదో తేలుతుంది. కుర్చీ వెడల్పు సుమారు 65 సెంటీమీటర్లు, కూర్చున్న మనిషి పాదాలతో కలిపి పొడవు 110 నుంచి 120. తోసే మనిషికి చోటు కావాలి. తలుపు 80 సెంటీమీటర్లకి తగ్గనివ్వొద్దు. ఇప్పుడు నడుస్తున్నారు కదా అని చిన్న క్యాబిన్ తీసుకుంటే, తీరా కుర్చీ అవసరమైన రోజు లిఫ్ట్ ఉండీ లేనట్టే.

కరెంట్ పోతే

ఇక్కడ హైడ్రాలిక్ నాకు బాగా నచ్చుతుంది. దిగడానికి కావాల్సింది ఒక వాల్వ్ తెరుచుకోవడమే కాబట్టి చిన్న బ్యాటరీతో కింది అంతస్తుకి వచ్చి తలుపు తెరుచుకుంటుంది. బ్యాటరీ కూడా పోయిందంటే పవర్ ప్యాక్ దగ్గర చేత్తో నొక్కే మీట ఉంటుంది, ఇంట్లో వాళ్లెవరైనా నొక్కి దింపవచ్చు. ట్రాక్షన్‌లో దీనికి ఏఆర్‌డీ (ఆటోమేటిక్ రెస్క్యూ డివైస్) పెట్టించుకోవాలి. అది బ్యాటరీలతో మోటారుని తిప్పి దగ్గరి అంతస్తుకి చేరుస్తుంది. బాగా పనిచేస్తుంది, కానీ బ్యాటరీలు మూడు నాలుగేళ్లకోసారి మార్చకపోతే అవసరమైన రోజు మొరాయిస్తుంది. కొందరు ఏఆర్‌డీని కొటేషన్‌లో అదనపు ఖర్చుగా వేరుగా చూపిస్తారు, బేరంలో తీసేయించకండి.

కరెంట్ లేనప్పుడు పైకి ఎక్కాలంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. హైడ్రాలిక్‌కి జనరేటర్ కావాల్సిందే, మామూలు ఇంటి ఇన్వర్టర్ ఆ మోటారుని మోయలేదు. తక్కువ శక్తితో నడిచే కొన్ని గేర్‌లెస్ హోమ్ లిఫ్టులు సరిపడా యూపీఎస్ మీద ఎక్కగలవు. పల్లెల్లో కోతలు ఎక్కువ ఉంటే ఇది ఆలోచించాల్సిన విషయమే.

పడిపోతుందేమో అన్న భయం

హైడ్రాలిక్ పైపు పగిలితే? సిలిండర్ అడుగునే రప్చర్ వాల్వ్ ఉంటుంది. ఆయిల్ ఉండాల్సిన దానికన్నా వేగంగా బయటికి పోతే అది తనంతట తానే మూసుకుని లిఫ్ట్‌ని అక్కడే నిలబెడుతుంది. దానికి కరెంట్ అక్కర్లేదు. పైపు చివర ట్యాంక్ దగ్గర కాకుండా సిలిండర్‌కే బిగించి ఉందో లేదో చూడండి, అప్పుడే అది పైపుని కాపాడినట్టు. తాళ్లతో నడిచే ఏ రకానికైనా, తాడు తెగినా వదులైనా రైళ్లని పట్టుకునే సేఫ్టీ గేర్ ఉండాలి. ఎలీషా ఓటిస్ 1854లో న్యూయార్క్‌లో తాడు నరికించి మరీ జనానికి చూపించింది ఇలాంటి ఏర్పాటునే.

నిజం చెప్పాలంటే ఇంటి లిఫ్ట్‌లో నన్ను భయపెట్టేది పడిపోవడం కాదు, తలుపులు. బయట తెరిచే తలుపు, లోపల మడతపడే గ్రిల్ గేటు, ఆ రెంటి మధ్య నాలుగైదు అంగుళాల ఖాళీ. అందులో చిన్నపిల్లాడు నిలబడగలడు. బయటి తలుపు మూసుకుంటుంది, పైనుంచి ఎవరో బటన్ నొక్కుతారు. 2019లో అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ ఇళ్ల లిఫ్టుల్లో సరిగ్గా ఈ ఖాళీ గురించే హెచ్చరిక జారీ చేసింది. డబ్బు ఆదా చేయాలంటే క్యాబిన్ అలంకరణలో చేయండి, తలుపుల్లో చేయకండి. ఇంట్లో పిల్లలున్నా, సెలవులకి మనవలు వచ్చినా, లోపలా బయటా ఆటోమేటిక్ తలుపులు, అడ్డం వస్తే ఆగే లైట్ కర్టెన్ పెట్టించండి. గ్రిల్ గేటు వద్దే వద్దు. ఏ టెక్నాలజీ ఎంచుకున్నా ఇది మారదు, నా దృష్టిలో ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే.

మిగతా రకాలు కొద్దిగా

గాజు గొట్టంలా ఉండే వాక్యూమ్ లిఫ్టులు చూసే ఉంటారు. పైన గాలిని లాగేస్తే కింది గాలి క్యాబిన్‌ని నెడుతుంది. అడుగు వైశాల్యం ఒక చదరపు మీటర్ అయితే 400 కిలోల్ని లేపడానికి వాతావరణ పీడనంలో నాలుగు శాతం తేడా చాలు. గుంత, షాఫ్ట్ గోడలు అక్కర్లేదు, అందంగా ఉంటుంది. కానీ ఖరీదు ఎక్కువ, ఎక్కేటప్పుడు శబ్దం ఎక్కువ, మోసే బరువు తక్కువ, చాలా మోడళ్లలో చక్రాల కుర్చీ పట్టదు. పెద్దవాళ్ల కోసం అయితే నేను సలహా ఇవ్వను. స్క్రూ మీద నట్టు తిరుగుతూ ఎక్కే ప్లాట్‌ఫామ్ లిఫ్టులు కుర్చీకి బాగుంటాయి, ఆయిల్ గొడవ లేదు, మహా నెమ్మది. కొన్నిట్లో ప్రయాణమంతా బటన్ నొక్కి పట్టుకునే ఉండాలి, చేతులు వణికేవాళ్లకి అది కష్టం.

గోడౌన్లు, కారు లిఫ్టులు, రెండు అంతస్తుల నర్సింగ్ హోమ్‌లో స్ట్రెచర్ లిఫ్ట్ లాంటివాటికి, అంటే బరువు ఎక్కువ, ఎత్తు తక్కువ, ట్రిప్పులు తక్కువ అన్నచోట హైడ్రాలిక్‌కి తిరుగులేదు.

డబ్బు కట్టే ముందు, చివరి వాయిదా ఇచ్చే ముందు

కొటేషన్‌లో ఏ భారతీయ ప్రమాణం ప్రకారం ఇస్తున్నారో రాయించండి. హైడ్రాలిక్ లిఫ్టులకి ఐఎస్ 14671, ఇంటి లిఫ్టులకి ఐఎస్ 15259 అని వచ్చాయి, వాటి తర్వాత ఐఎస్ 17900 వరస వచ్చింది, ఇప్పుడు ఏది అమల్లో ఉందో అడగండి. ఒక మనిషికి 68 కిలోల చొప్పున మన దగ్గర లెక్క, కాబట్టి నలుగురి లిఫ్ట్ అంటే 272 కిలోలు, ఆరుగురిదంటే 408. కుర్చీ, తోసే మనిషి, ఇంకొకరు కలిస్తే ఎంతవుతుందో మీరే కూడుకోండి. మోటారు సింగిల్ ఫేజా, త్రీ ఫేజా, మీ మీటర్‌కి శాంక్షన్ లోడ్ పెంచాలా అన్నది ముందే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడండి. హైడ్రాలిక్ మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు ఎక్కువ కరెంట్ లాగుతుంది, సాఫ్ట్ స్టార్టర్ లేకపోతే ఇంట్లో లైట్లు మినుకుమంటాయి.

లిఫ్ట్ అప్పగించే రోజు పూర్తి బరువు ఎక్కించి, సిమెంట్ బస్తాలైనా సరే, మధ్యలో మెయిన్ ఆపేయమనండి. దిగిందా, తలుపు తెరుచుకుందా చూడండి. అదే బరువుతో పై అంతస్తులో పది నిమిషాలు నిలబెట్టి, గడపకీ క్యాబిన్‌కీ మధ్య స్కేలు పెట్టి ఎంత జారిందో చూడండి, తిరిగి లెవెల్‌కి వచ్చిందా చూడండి. బరువు దించేశాక ఖాళీ క్యాబిన్‌ని మీటతో చేత్తో దింపడం ఇంట్లో ఇద్దరికైనా నేర్పించుకోండి. పిస్టన్ మీద గీతలు ఉన్నాయా అని టార్చ్ వేసి చూడండి, చిన్న గీత ఉన్నా అది ప్రతి ట్రిప్పులో సీల్‌ని కోస్తూనే ఉంటుంది.

ఆ సీల్ సంగతే ఏఎంసీలో, అంటే ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందంలో, అసలు పాయింట్. సిలిండర్ మూతి దగ్గర రబ్బరు సీల్ కొన్నేళ్లకి అరిగి ఆయిల్ చెమర్చడం మొదలవుతుంది, మార్చాలి, అది మామూలే. ఆ సైజు సీల్ కిట్ ఇక్కడే దొరుకుతుందా, ఇటలీ నుంచో టర్కీ నుంచో రావాలా, వచ్చేదాకా లిఫ్ట్ ఎన్నాళ్లు ఆగుతుంది? మీ ఊళ్లో హైడ్రాలిక్ తెలిసిన టెక్నీషియన్ ఉన్నాడా, ఫోన్ చేస్తే హైదరాబాద్ నుంచి బయలుదేరాలా? ట్రాక్షన్ తెలిసినవాళ్లు ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ దొరుకుతున్నారు, హైడ్రాలిక్ వాల్వ్ సెట్టింగ్ చేతకానివాళ్లు తిప్పితే కుదుపులు మొదలవుతాయి. మీ ఊళ్లోనే, అదే కంపెనీ హైడ్రాలిక్ లిఫ్ట్ ఐదేళ్లుగా వాడుతున్న ఇల్లు ఒకటి చూపించమనండి. వెళ్లి ఎక్కి చూడండి, పవర్ ప్యాక్ కింద గుడ్డ పరిచి ఉందేమో చూడండి, రిపేర్ చెప్తే ఎన్ని గంటల్లో వచ్చారో ఆ ఇంటివాళ్లని అడగండి. అలాంటి ఇల్లు ఒక్కటీ చూపించలేకపోతే, మీ ఇంటికి పైనా కిందా చోటు ఉన్న పక్షంలో ట్రాక్షన్‌కే వెళ్లండి.